హైదరాబాదు–గన్నవరం విమానం: గంట ప్రయాణానికి రెండు గంటల నిబంధన

విజయవాడలో ఉండే మా కుటుంబానికి గత మూడేళ్లుగా హైదరాబాదు ప్రయాణం తప్పనిసరి అయింది. అమ్మకు అక్కడి ఆసుపత్రిలో రెండు మూడు నెలలకొకసారి పరీక్షలు ఉంటాయి. ఆమెకు 73 ఏళ్లు, చక్కెర వ్యాధి ఉంది, మోకాళ్లు సహకరించవు. ఐదు గంటలు కారులో కూర్చోవడం ఆమె వల్ల కాదు కాబట్టి గన్నవరం నుంచి శంషాబాదుకు, తిరిగి శంషాబాదు నుంచి గన్నవరానికి ఎక్కువసార్లు విమానంలోనే వెళ్లివచ్చాం. ఒక్కో సంస్థను విడివిడిగా పొగడడానికో తెగడడానికో ఈ సమీక్ష రాయడం లేదు. ఈ దారిలో టికెట్టు కొన్నవారికి నిజంగా అందే సేవ ఏమిటో, విమానం ఆలస్యమైనప్పుడు నిబంధనలు ఎంతవరకు ఆదుకుంటాయో, ఎక్కడ చేయి వదిలేస్తాయో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా ఈ ప్రయాణంలో కలిసివచ్చే సమయం ఎంతో లెక్క చూడాలి. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు, విజయవాడల మధ్య దూరం సుమారు 275 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది ముప్పావు గంట. తలుపు మూసిన దగ్గర నుంచి మళ్లీ తెరిచే దాకా చూసుకున్నా దాదాపు గంట. అయితే కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో బయలుదేరిన మనిషి శంషాబాదు చేరడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, చెక్ ఇన్ కౌంటరు విమానానికి గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి, గన్నవరంలో దిగాక ఊళ్లోకి మరో 20 కిలోమీటర్లు రావాలి. ఇవన్నీ కలిపితే నాలుగున్నర గంటలు దాటుతుంది. ఎల్బీ నగర్ వైపు ఉండేవారు కారులో అంతే సమయంలో బెంజి సర్కిల్ చేరుకోగలరు. విమానం ఇక్కడ అమ్ముతున్నది మహా అయితే ఒక గంట ఆదా, దానితోపాటు ఒంటికి శ్రమ తగ్గడం. ఆ గంట పోయిన క్షణం నుంచి ప్రయాణికుడు తాను కొన్నదాన్ని పోగొట్టుకున్నట్టే. నిబంధనల ప్రకారం మాత్రం ఆలస్యం రెండు గంటలు చేరితే గాని సంస్థ మీద ఏ బాధ్యతా పడదు. ఈ సేవ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

మొన్న ఫిబ్రవరిలో జరిగిన సంగతి వివరంగా చెబుతాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. శంషాబాదు నుంచి సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు బయలుదేరాల్సిన విమానం అది. ఐదున్నరకు, మేము ఆసుపత్రి నుంచి దారిలో ఉండగా, సమయం 8 గంటల 20 నిమిషాలకు మారిందని సందేశం వచ్చింది. ఏడుముప్పావుకు బోర్డు మీద 9 గంటలు అని మారింది. తొమ్మిదికి పావుగంట ముందు మరోసారి సవరించారు. చివరికి విమానం కదిలింది 10 గంటల 5 నిమిషాలకు. మొత్తం ఆలస్యం 2 గంటల 55 నిమిషాలు. అమ్మ రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. భోజనం ఎప్పుడో తెలియకపోతే సూది ఎప్పుడు వేయాలో తెలియదు. ఆలస్యమనే మాట కొందరికి విసుగు మాత్రమే కావచ్చు గాని, అలాంటి మనిషిని వెంటబెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నవారికి అది ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవడమే.

తొమ్మిది దాటాక నేను గేటు దగ్గరున్న సిబ్బందిని భోజనం సంగతి అడిగాను. "సవరించిన టైము నుంచి చూస్తే ఇంకా రెండు గంటలు కాలేదు మేడమ్" అని ఆ అబ్బాయి మర్యాదగానే జవాబిచ్చాడు. నా దగ్గర నిబంధన ప్రతి ఫోనులో ఉంది. అందులో ఉన్నది చూపించి, మొదట ప్రకటించిన సమయం నుంచి లెక్కపెడితే 9 గంటల 10 నిమిషాలకే రెండు గంటలు నిండాయని చెప్పాను. అతడు పై అధికారితో మాట్లాడి వచ్చాక ఒక శాండ్‌విచ్, పళ్లరసం డబ్బా చొప్పున తెప్పించారు. అడిగిన మా ఇద్దరితో ఆపకుండా, వరసలో కూర్చున్న అందరికీ ఇమ్మని నేను పట్టుబట్టవలసి వచ్చింది. అమ్మ ఆ పళ్లరసం తాగలేదు, సంచిలో ఉన్న ఇడ్లీలతోనే ఆ పూట గడిచింది. "వాళ్లూ జీతగాళ్లే అమ్మాయ్, గట్టిగా మాట్లాడకు" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ మాట నిజమే. గేటు దగ్గర నిలబడే పిల్లలకు విమానం ఎప్పుడొస్తుందో మనకన్నా ఎక్కువేమీ తెలియదు. వాళ్లకు సమాచారం ఇవ్వని వ్యవస్థది తప్పు.

ఈ దారిలో ఆలస్యం ఎలా పుడుతుందో తెలిస్తే టికెట్టు ఎంచుకోవడంలో కొంత జాగ్రత్త పడవచ్చు. ఇక్కడ ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 రకం చిన్న విమానాలు, 70 నుంచి 78 మంది పడతారు. ఒకే విమానం తెల్లవారుజామున మొదలుపెట్టి హైదరాబాదు నుంచి చుట్టుపక్కల ఊళ్లకు పోతూ వస్తూ రోజంతా తిరుగుతుంది. దిగాక అరగంటలోపే మళ్లీ ఎగరాలి. పొద్దున ఎక్కడో ఇరవై నిమిషాలు పోతే ఆ ఇరవై నిమిషాలను తర్వాతి విడతలో పూడ్చుకునే వెసులుబాటు ఉండదు, ఎందుకంటే గంట ప్రయాణంలో వేగం పెంచి కలుపుకునే సమయం ఏమీ మిగలదు. అందుకే సాయంత్రం విమానానికి పొద్దుటి నుంచి పోగుపడిన ఆలస్యమంతా చుట్టుకుంటుంది. ఆ రాత్రి మేము ఎక్కిన విమానం కూడా అప్పటికే వేరే ఊరి నుంచి ఆలస్యంగా రావలసి ఉందని విమానాల జాడ చూపే యాప్‌లో నేను ఆరుగంటలకే చూశాను. అంటే రెండు గంటలకు పైగా ఆలస్యం అవుతుందని సంస్థకు ముందే తెలిసే అవకాశం ఉంది. అయినా గంటా పది, నలభై నిమిషాలు, మరో గంట అంటూ వాయిదాల మీద చెప్పారు. అసలు సంగతి ఆరింటికే చెప్పి ఉంటే అమ్మను నెమ్మదిగా కూర్చోబెట్టి వేళకు భోజనం పెట్టేదాన్ని.

పొద్దుటి విమానాలకు వేరే శత్రువు ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరం చుట్టూ ఉన్న పొలాలు, కాలువల మీద రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి నేల చల్లబడితే తెల్లవారేసరికి మంచు దట్టంగా కమ్ముతుంది. రన్‌వే కనిపించక విమానం గాలిలో చక్కర్లు కొట్టి, ఇంధనం చూసుకుని హైదరాబాదుకే తిరిగి వెళ్లిన సందర్భాలు ప్రతి శీతాకాలం వార్తల్లో చూస్తూనే ఉంటాం. సంక్రాంతికి ఊరొచ్చేవారి రద్దీ కూడా సరిగ్గా అప్పుడే కావడం మన దురదృష్టం. ఆ రెండు నెలల్లో తెల్లవారుజాము విమానం కొనవద్దని, పది తర్వాతి విమానం చూసుకోమని నా సలహా. మిగతా పది నెలల్లో మాత్రం పొద్దుటి మొదటి విమానాన్ని మించింది లేదు; రాత్రి అక్కడే నిలిచిన విమానం కాబట్టి వేరే ఊరి ఆలస్యం దానికి అంటదు.

ఇక హక్కుల విషయం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2010లో తెచ్చి తర్వాత పలుమార్లు సవరించిన నిబంధన ఒకటి ఉంది. ఎక్కనివ్వకపోవడం, రద్దు, ఆలస్యం అనే మూడు సందర్భాల్లో ప్రయాణికుడికి ఏమివ్వాలో అది చెబుతుంది. ప్రయాణ సమయం రెండున్నర గంటల లోపు ఉండే విమానాలకు, మొదట ప్రకటించిన సమయం కన్నా గాని సవరించిన సమయం కన్నా గాని 2 గంటలు లేదా అంతకు మించి ఆలస్యం అవుతుందని సంస్థ అంచనా వేస్తే, నిరీక్షణకు తగ్గట్టు భోజనం, ఫలహారం ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి ఈ హద్దు 3 గంటలు, అంతకు మించితే 4 గంటలు. దేశీయ విమానం 6 గంటలకు మించి ఆలస్యమయ్యేట్టయితే, ఆ సంగతి 24 గంటల ముందు చెప్పి, 6 గంటల లోపు మరో విమానమో పూర్తి డబ్బు వాపసో ప్రయాణికుడి ఇష్టానికి వదిలేయాలి. ఆలస్యం 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనా హోటలు గది, రానుపోను వాహనం సంస్థే చూడాలి. అయితే ప్రయాణికుడు వేళకు చెక్ ఇన్ చేసి ఉండాలన్నది షరతు. విమానం ఆలస్యమని సందేశం రాగానే ఇంట్లో నింపాదిగా కూర్చునేవారు ఇది గమనించాలి. పాత సమయం ప్రకారమే చెక్ ఇన్ పూర్తి చేసుకుంటే తర్వాత అడిగే హక్కు చెక్కుచెదరదు.

ఇందులో కళ్లకు కట్టే లోపం రెండున్నర గంటల గీత. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రెండు గంటలకు పైగా ఎగిరే విమానాన్నీ, గన్నవరం నుంచి శంషాబాదుకు ముప్పావు గంట ఎగిరే విమానాన్నీ ఒకే గాటన కట్టారు. అక్కడ గంటన్నర ఆలస్యమైతే ప్రయాణం కొంచెం పొడుగవుతుంది, అంతే. ఇక్కడ అదే గంటన్నరలో రోడ్డు మీద మూడో వంతు దారి దాటేవాళ్లం. పైగా ఆలస్యం ఎంతైనా ఈ నిబంధన కింద దేశీయ విమానాల్లో దానికి నగదు పరిహారం లేదు. భోజనం, గది, వాపసు తప్ప రూపాయి రాదు. ఐరోపాలో ఉంటున్న మనవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు. అక్కడి 2004 నాటి నిబంధన, దాని మీద 2009లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కలిసి, 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణంలో గమ్యానికి 3 గంటలు ఆలస్యంగా చేరితే, ఆలస్యానికి సంస్థే కారణమైనప్పుడు 250 యూరోలు ఇప్పిస్తాయి. అక్కడ కూడా దూరాన్ని బట్టి మొత్తం మారుతుంది గాని, ఆలస్యానికి వెల ఉందని చట్టం ఒప్పుకుంది. మన నిబంధన ఇంకా ఒప్పుకోలేదు.

రద్దు విషయంలో పరిస్థితి కొంత మెరుగు. రెండు వారాల ముందే చెబితే మరో విమానమో వాపసో ఇస్తే సరిపోతుంది. 24 గంటల ముందు వరకు చెబితే, మొదటి సమయానికి 2 గంటల తేడాలో మరో విమానమో వాపసో చూపాలి. అలా చెప్పకుండా రద్దు చేస్తే వాపసుతోపాటు పరిహారం కూడా ఇవ్వాలి: ప్రయాణం గంట లోపైతే 5,000 రూపాయలు, రెండు గంటల లోపైతే 7,500, అంతకు మించితే 10,000. కానీ అక్కడే ఒక మెలిక ఉంది. ఆ అంకెల్లో ఒకటి లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. మన దారిలో మూల ఛార్జీ చాలా రోజులు 5,000 చేరదు కాబట్టి ఆ అంకె కాగితం మీద గరిష్ఠ పరిమితిగా మిగులుతుందే తప్ప చేతికి రావడం అరుదు. టికెట్టు కొన్నప్పుడు మన ఫోను నంబరు ఇవ్వకపోయినా పరిహారం అడగలేం. ఏజెంటు తన నంబరు రాసుకుంటే సందేశం అతడికే పోతుంది. వాతావరణం, విమాన రాకపోకల నియంత్రణ, భద్రతా కారణాలు, సమ్మెలు, ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల రద్దయితే పరిహారం ఉండదు. ఇక టికెట్టు ఉన్నా, వేళకు వచ్చినా సీటు లేదని ఎక్కనివ్వకపోతే, గంటలోపు మరో విమానం చూపకపోయిన పక్షంలో మూల ఛార్జీకి రెట్టింపు, 10,000 పరిమితితో. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, 20,000 పరిమితితో ఇవ్వాలి.

వాతావరణం పేరు చెప్పినంత మాత్రాన సంస్థ బాధ్యత అంతా తీరిపోదని హైదరాబాదుకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రావలసిన ఒక ప్రయాణికుడు పొగమంచు వల్ల దాదాపు 11 గంటలు విమానంలోనే ఉండిపోయి, హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలతులో ఫిర్యాదు చేశాడు. లోక్ అదాలతు 10,000 రూపాయల పరిహారం ఇప్పించింది. సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది, ఎందుకంటే మంచు సంస్థ చేతిలో లేదు, ఆ రోజు సిబ్బంది వైపు లోపం రుజువు కాలేదు. కానీ ఆలస్యానికి కారణం ఏదైనా, చిక్కుకుపోయిన ప్రయాణికులకు తిండి, నీళ్లు వంటి కనీస వసతులు చూడడం సంస్థ బాధ్యతేనని అదే తీర్పు చెప్పింది. గన్నవరంలో మంచు పడ్డ పొద్దున "వాతావరణం కదా, మేమేం చేయలేం" అనే మాట విన్నప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పరిహారం అడగలేం, ఫలహారం అడగవచ్చు. 2024 జనవరిలో డీజీసీఏ ఇచ్చిన ఆదేశాలు కూడా ఇక్కడ పనికొస్తాయి: ఆలస్యం గురించి కచ్చితమైన సమాచారం ఎప్పటికప్పుడు ఇవ్వాలని, 3 గంటలు దాటే అవకాశం కనిపిస్తే విమానాన్ని ముందుగానే రద్దు చేయవచ్చని అవి చెబుతున్నాయి. రెండోది ప్రయాణికుడికి మేలే. బోర్డు ముందు రాత్రంతా కూర్చోబెట్టడం కన్నా వాపసు తీసుకుని బస్సెక్కనివ్వడం నయం.

ఈ దారిని ఎక్కువగా వాడేది విదేశాలకు వెళ్లే కుటుంబాలు. గన్నవరం నుంచి శంషాబాదు, అక్కడి నుంచి దోహా, దుబాయ్ మీదుగా అమెరికాకో ఐరోపాకో వెళ్తారు. డబ్బు కలిసొస్తుందని చాలామంది ఈ చిన్న విమానానికి వేరే టికెట్టు కొంటారు. అది ఆలస్యమై పెద్ద విమానం తప్పిపోతే, రెండూ వేర్వేరు పీఎన్‌ఆర్‌ల మీద ఉన్నందువల్ల ఎవరిదీ బాధ్యత కాదు. ఒకే టికెట్టు మీద ఉంటే తర్వాతి విమానంలో చేర్చే బాధ్యత సంస్థదే. మా పిన్ని కొడుకు ఒకసారి రెండు గంటల వ్యవధి చాలనుకుని వేర్వేరుగా కొన్నాడు. గంటా నలభై నిమిషాల ఆలస్యంతో అమెరికా టికెట్టు మొత్తం పోయింది. ఆలస్యం రెండు గంటల లోపే కాబట్టి అతడికి నిబంధన ప్రకారం టీ కూడా రాలేదు. వేరే టికెట్టు తప్పకపోతే ముందురోజే హైదరాబాదు చేరండి, లేదా కారులో వెళ్లండి. ఈ మాట చేతులు జోడించి చెబుతున్నాను.

ఫిర్యాదు చేయాలనుకుంటే గేటు దగ్గరే సగం పని అవుతుంది. ప్రతి సందేశాన్నీ చెరిపేయకుండా ఉంచాలి, బోర్డు ఫొటో సమయంతో సహా తీయాలి, బోర్డింగ్ పాస్ దాచాలి, ఆలస్య ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి. తర్వాత సంస్థ వెబ్‌సైట్‌లో రాయాలి, ఆపైన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, ఆపైన అప్పీలు అధికారికి. దానితోపాటు కేంద్ర పౌర విమానయాన శాఖ 2016లో మొదలుపెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో నమోదు చేయాలి. నేను ఎయిర్‌సేవలో రాసిన పది రోజులకు సంస్థ నుంచి జవాబు వచ్చింది. నిర్వహణ కారణాల వల్ల ఆలస్యమైందని చింతిస్తూ తర్వాతి ప్రయాణానికి ఒక వోచరు ఇస్తామన్నారు. నిర్వహణ కారణాలు అంటే ఏమిటో అడిగితే మళ్లీ అదే వాక్యం పంపారు. జవాబు రావడం వరకు ఈ పోర్టల్ బాగానే పనిచేస్తుంది, ఆ జవాబులో విషయం ఉండేలా చూడడం దాని వల్ల కాలేదు.

అక్కడితో తృప్తి లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, సంస్థ కార్యాలయం ఉన్న ఊరికి తిరగనక్కరలేదు; చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు; రెండేళ్ల గడువుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేస్తే ఎలా వేయాలో చెబుతారు. నిర్వహణ కారణాలనే ముక్తసరి జవాబు అక్కడ నిలవడం కష్టమని నా నమ్మకం. అజ్మీర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబం జమ్మూ–శ్రీనగర్ విమానం అందుకోలేకపోయిన కేసులో, ఆలస్యానికి తన చేతిలో లేని కారణం ఉందని రైల్వే రుజువు చేయకపోతే పరిహారం ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అది రైలు కేసు అయినా, కారణం చెప్పవలసిన భారం సేవ అమ్మినవారిదేనన్న సూత్రం విమానానికి ఎందుకు వర్తించకూడదు?

ప్రయాణం సాఫీగా సాగిన రోజుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అవే ఎక్కువ. గన్నవరంలో లోపలికి వెళ్లడం, భద్రతా తనిఖీ పావుగంటలో అయిపోతాయి. చక్రాల కుర్చీ అడిగిన ప్రతిసారీ వచ్చింది. దాన్ని తోసే పిల్లలు అమ్మతో ఎంతో ఆప్యాయంగా ఉంటారు. ఏటీఆర్ మెట్లు తక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పి ఉన్నవారికి పెద్ద విమానం మెట్ల కన్నా నయం. వేళకు నడిచిన రోజున ఈ సేవకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఆలస్యమైన రోజున ఐదుకు ఒకటి, అది కూడా గేటు దగ్గర నిలబడిన పిల్లల ఓర్పుకు.

డీజీసీఏ నుంచి నేను కోరేది రెండు మార్పులు. గంటన్నర లోపు ప్రయాణాలకు భోజన హద్దును గంటకు తగ్గించి, గంటన్నర ఆలస్యం దాటితే జరిమానా లేకుండా పూర్తి వాపసు తీసుకునే హక్కు ఇవ్వాలి. అలాగే సమయపాలన లెక్కలు ప్రచురించేటప్పుడు పెద్ద నగరాల విమానాశ్రయాల అంకెలతో ఆపకుండా గన్నవరం, రేణిగుంట, మధురపూడి వంటి వాటివీ విమానాల వారీగా ఇవ్వాలి. 15 నిమిషాల లోపు బయలుదేరితే వేళకు నడిచినట్టు లెక్కించే ఆ పట్టికలో మా సాయంత్రం విమానం ఎన్ని రోజులు నిలుస్తుందో టికెట్టు కొనేముందే మాకు తెలియాలి.

వచ్చే నెల అమ్మకు మళ్లీ పరీక్షలున్నాయి. వెళ్లేటప్పుడు గన్నవరం నుంచి పొద్దుటి విమానానికి టికెట్లు తీశాను. తిరుగు ప్రయాణానికి మాత్రం మధ్యాహ్నం సికింద్రాబాదులో బయలుదేరి రాత్రి ఏడింటి ప్రాంతంలో విజయవాడ చేరే వందేభారత్ రైల్లో తీసుకున్నాను. అమ్మ ఇన్సులిన్ వేళకు ఇంట్లో ఉంటాం.